గోడకు బిగించిన హీటర్ బిల్డింగ్స్ కిందికా, కంటెంట్స్ కిందికా? యూకే ఇన్సూరెన్స్ క్లెయిమ్: నా అనుభవం

పై ఫ్లాట్‌లో వాషింగ్ మెషీన్ గొట్టం ఊడి నీళ్ళు మా సీలింగ్ గుండా దిగాయి. హాల్లో స్టోరేజ్ హీటర్, బెడ్‌రూమ్‌లో గోడకు తగిలించిన ప్యానెల్ హీటర్, బాత్రూంలో తువ్వాళ్ళు ఆరేసే కరెంటు టవల్ రెయిల్, కార్పెట్ పాడయ్యాయి. కార్పెట్ కంటెంట్స్ కిందికి వస్తుందని అందరూ ఒప్పుకున్నారు. చిక్కంతా హీటర్ల దగ్గరే. కంటెంట్స్ కంపెనీ "అవి గోడకు బిగించినవి, బిల్డింగ్స్ వాళ్ళను అడగండి" అంది. బిల్డింగ్స్ కంపెనీ "అవి కరెంటు సామాన్లు, మీ సొంతం, కంటెంట్స్ వాళ్ళను అడగండి" అంది. ఇంగ్లండ్‌లో ఫ్లాట్ కొనుక్కున్న ఎవరికైనా ఇది ఎదురు కావచ్చు. అందుకే మొదటి ఫోన్ నుంచి డబ్బు చేతికొచ్చేదాకా ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో, ఎక్కడ ఇరుక్కుంటుందో రాస్తున్నాను.

ముందు ఈ గొడవ ఎందుకొస్తుందో చూద్దాం. యూకేలో హోమ్ ఇన్సూరెన్స్ రెండు భాగాలు. గోడలు, కప్పు, వాటికి శాశ్వతంగా బిగించినవి బిల్డింగ్స్. ఇల్లు మారేటప్పుడు మనతో తీసుకెళ్ళేవి కంటెంట్స్. లీజ్‌హోల్డ్ ఫ్లాట్‌లో (ఏళ్ళ తరబడి లీజు మీద కొనుక్కున్నదాంట్లో) బిల్డింగ్స్ పాలసీ మన చేతిలో ఉండదు. మొత్తం బ్లాక్‌కి ఫ్రీహోల్డర్ (భవనానికి, స్థలానికి అసలు యజమాని) తీసుకుంటాడు, మేనేజింగ్ ఏజెంట్ ఆ ప్రీమియాన్ని సర్వీస్ చార్జీలో కలిపి మన దగ్గర వసూలు చేస్తాడు. కంటెంట్స్ మాత్రం మనం విడిగా కొనుక్కుంటాం. రెండు కంపెనీలు, రెండు పాలసీ పుస్తకాలు, రెండు నిర్వచనాలు. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసింది కాదు. గోడకు తగిలించిన కరెంటు వస్తువు సరిగ్గా ఆ సందులో పడుతుంది.

సొంత ఇల్లు ఉండి రెండూ ఒకే కంపెనీ దగ్గర తీసుకున్నవాళ్ళు ఇది తమకు సంబంధం లేదనుకోవచ్చు. నీటి నష్టం, అగ్ని ప్రమాదం లాంటివైతే చాలావరకు నిజమే, ఎందుకంటే అవి రెండు భాగాల్లోనూ కవర్ అవుతాయి. యాక్సిడెంటల్ డ్యామేజ్ (పొరపాటున జరిగే నష్టం) దగ్గరకొస్తే కథ మారుతుంది. అది బిల్డింగ్స్‌కి ఒక యాడ్-ఆన్, కంటెంట్స్‌కి ఇంకో యాడ్-ఆన్. చాలామంది ఒక్కటే టిక్ పెడతారు. నిచ్చెన జారి హీటర్ మీద పడి కేసింగ్ నొక్కుకుపోయిందనుకోండి, కంటెంట్స్ వైపు మాత్రమే యాక్సిడెంటల్ డ్యామేజ్ ఉంటే, హీటర్ బిల్డింగ్స్ అని తేలిన క్షణమే క్లెయిమ్ ముగిసింది. యాడ్-ఆన్ లేని ప్రామాణిక పాలసీలో ఈ కవర్ మరీ ఇరుకు: బిల్డింగ్స్ వైపు సాధారణంగా బిగించిన గాజు, శానిటరీ వేర్, కంటెంట్స్ వైపు టీవీ, కంప్యూటర్ లాంటివి. హీటర్ రెండింట్లోనూ లేదు. ఎక్సెస్ (క్లెయిమ్‌లో మనమే పెట్టుకోవాల్సిన మొదటి భాగం) కూడా వేర్వేరుగా ఉండొచ్చు, నీటి నష్టానికి మామూలు కంటే ఎక్కువ ఎక్సెస్ పెట్టే పాలసీలు చాలా. మా బ్లాక్ పాలసీలో అయితే కంటెంట్స్ ఎక్సెస్‌కి కొన్ని రెట్లు ఉంది.

కాబట్టి ఫోన్ ఎత్తే ముందు పాలసీ పుస్తకంలో నిర్వచనాల పేజీ తెరవండి. షెడ్యూల్ కాగితం కాదు, పూర్తి పుస్తకం. చూడాల్సినవి మూడు. బిల్డింగ్స్ నిర్వచనంలో "శాశ్వతంగా బిగించిన" అన్న అర్థమిచ్చే మాట ఉందా, లేక ఉత్త "ఫిక్స్చర్స్ అండ్ ఫిటింగ్స్" అని వదిలేశారా? హీటింగ్ అన్న మాట ఎక్కడైనా విడిగా కనిపిస్తుందా? కంటెంట్స్ నిర్వచనంలో, మీరు బాధ్యులైన ఫిక్స్చర్స్‌ని, లేదా ఫ్లాట్‌కి మీరు చేయించుకున్న మెరుగుదలలను చేర్చారా? ఈ మూడోది చాలామంది కంట పడదు. ఫ్లాట్ల కోసం రాసిన కొన్ని కంటెంట్స్ పాలసీల్లో ఇది ఉంటుంది. ఉంటే "గోడకు బిగించారు కాబట్టి మాది కాదు" అన్న వాదన అక్కడితో నిలబడదు.

బ్లాక్ పాలసీ కాపీ మన దగ్గర ఉండదు, ఏజెంట్‌ని అడిగితే చాలాసార్లు ఒక పేజీ సర్టిఫికెట్ పంపి ఊరుకుంటాడు. దాంతో పని జరగదు. లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ 1985లో సెక్షన్ 30ఎ, దాని షెడ్యూల్ ప్రకారం సర్వీస్ చార్జీలో ఇన్సూరెన్స్ కడుతున్న లీజ్‌హోల్డర్ రాతపూర్వకంగా అడిగితే 21 రోజుల్లోగా పాలసీ వివరాల సారాంశం ఇవ్వాలి, పాలసీని చూసే హక్కూ ఉంది. ఈమెయిల్లో ఆ సెక్షన్ పేరు రాస్తే పూర్తి వర్డింగ్ సాధారణంగా వచ్చేస్తుంది. అదే రోజు మీ లీజు కూడా బయటికి తీయండి. ఫ్లాట్ హద్దుల్లో ఏమేం వస్తాయో, ఫ్రీహోల్డర్ ఏం ఇన్సూర్ చేయాలో అందులో ఉంటుంది. కాపీ పోతే ల్యాండ్ రిజిస్ట్రీలో దొరుకుతుంది.

ఇక హీటర్ల సంగతి. బాయిలర్, పైపులు, రేడియేటర్లు ఉన్న సెంట్రల్ హీటింగ్ అయితే పేచీయే లేదు, బిల్డింగ్స్. పేచీ కరెంటు హీటర్ల దగ్గరే.

స్టోరేజ్ హీటర్ అంటే లోపల బరువైన ఇటుకలు పేర్చిన పెట్టె. ఎకానమీ 7 లాంటి టారిఫ్‌లో రాత్రి ఏడు గంటల చౌక కరెంటుతో ఇటుకలు వేడెక్కుతాయి, పగలంతా ఆ వేడి వదులుతాయి. పెద్ద మోడళ్ళు నూరు కిలోలు దాటుతాయి. బరువంతా నేల మీద కాళ్ళ మీదే ఉంటుంది, వెనక గోడకు వేసిన స్క్రూలు ముందుకు పడకుండా ఆపడానికి. లాస్ అడ్జస్టర్ (నష్టం చూసి లెక్కగట్టడానికి ఇన్సూరర్ పంపే మనిషి) పట్టుకునేది ఇక్కడే: "రెండు స్క్రూలు విప్పితే వచ్చేస్తుంది కదా, ఇది ఫర్నిచర్ లాంటిదే." నిజానికి అది రెండు స్క్రూలతో వచ్చేయదు. సర్క్యూట్ ఆఫ్ చేసి, ముందు ప్యానెల్ తీసి, ఇన్సులేషన్ పలక తప్పించి, ఎలిమెంట్లు లాగి, ఇటుకలు ఒక్కొక్కటే బయటపెట్టాక గానీ ఖాళీ పెట్టె కదలదు. కరెంటు కనెక్షన్ ప్లగ్ కాదు, పక్కన గోడలో ఉన్న స్విచ్ నుంచి నేరుగా వైరు. ఆ స్విచ్ వెనక రాత్రి కరెంటు కోసమే వేసిన ప్రత్యేక సర్క్యూట్ ఉంటుంది, పాత ఫ్లాట్లలో దానికంటూ విడిగా కన్స్యూమర్ యూనిట్ (ఫ్యూజ్ బోర్డు) కూడా. ఆ సర్క్యూట్‌కి హీటర్లు తప్ప వేరే పనేం లేదు. కొత్త తరం స్టోరేజ్ హీటర్లకైతే రాత్రి సప్లై ఒకటి, 24 గంటల సప్లై ఒకటి, రెండూ వస్తాయి.

ప్యానెల్ హీటర్ దీనికి పూర్తిగా వేరు. గోడకు ఒక బ్రాకెట్ స్క్రూలతో బిగిస్తారు, హీటర్‌ని దానికి తగిలిస్తారు, పైన క్లిప్పులు నొక్కితే చేతికి వచ్చేస్తుంది. కరెంటు రెండు రకాలుగా ఇవ్వొచ్చు: మామూలు మూడు పిన్నుల 13 ఆంపియర్ ప్లగ్‌తో, లేదా ఫ్యూజ్డ్ స్పర్ (ఫ్యూజు ఉన్న గోడ స్విచ్ బాక్సు) ద్వారా నేరుగా. ఒకే కంపెనీ, ఒకే మోడల్ హీటర్ ఒక గదిలో ప్లగ్‌తో, పక్క గదిలో స్పర్‌తో ఉండొచ్చు. ప్లగ్ ఉన్నది కంటెంట్స్ వైపు, స్పర్ ఉన్నది బిల్డింగ్స్ వైపు మొగ్గుతుంది. మా బెడ్‌రూమ్‌లోది ప్లగ్ రకం. హీటర్ తీశాక బ్రాకెట్ గోడకే ఉంది, అది మాత్రం బిల్డింగ్స్ అని ఒక క్లెయిమ్స్ హ్యాండ్లర్ పట్టుబట్టాడు. కొత్త హీటర్‌తో కొత్త బ్రాకెట్ ఎలాగూ వస్తుంది, దాని కోసం వాదన పెట్టుకోవడం దండగ.

బాత్రూంలో విషయం తేలిక. యూకే వైరింగ్ నియమాల పుస్తకం బీఎస్ 7671 ప్రకారం స్నానపు తొట్టి, షవర్ ఉన్న చోటు (జోన్ 1) హద్దు నుంచి 2.5 మీటర్ల లోపు మామూలు సాకెట్ పెట్టకూడదు (2022 సవరణకు ముందు ఇది 3 మీటర్లు). మామూలు సైజు బాత్రూంలో అంత దూరం ఎక్కడిది! అందుకే టవల్ రెయిల్, బాత్రూం హీటర్ నేరుగా వైరింగ్‌కి కలిపే ఉంటాయి, మాదాంట్లో వైరు గోడలోంచి వెళ్ళి బయట కారిడార్‌లో స్పర్‌కి చేరింది. వైరు టైల్స్ వెనక నుంచి పోయే వస్తువును కంటెంట్స్ అనడం కష్టం.

ఇల్లు తలకిందులు చేసి కుదిపితే కింద పడేవి కంటెంట్స్, మిగిలేవి బిల్డింగ్స్ అని ఒక లెక్క ఇక్కడ అందరూ చెబుతారు. సోఫాకి, కిచెన్ కప్‌బోర్డుకి సరిపోతుంది. నూరు కిలోల స్టోరేజ్ హీటర్ రెండు స్క్రూల మీద వేలాడుతుందా, పడుతుందా? పడుతుందనే చెప్పాలి. అయినా అది కంటెంట్స్ అయిపోదు. ఆ లెక్కను వాదనగా వాడొద్దు, అవతలివాళ్ళు వాడితే ఒప్పుకోవద్దు.

కోర్టులు దీన్ని 150 ఏళ్ళుగా రెండు ప్రశ్నలతో చూస్తున్నాయి. 1872 నాటి హాలండ్ వర్సెస్ హాడ్జ్‌సన్ తీర్పు నుంచి వచ్చినవి అవి: ఎంత గట్టిగా బిగించారు, ఎందుకు బిగించారు. ఇంటిని శాశ్వతంగా మెరుగుపరచడానికైతే ఇంట్లో భాగం, ఆ వస్తువును వాడుకోవడానికి మాత్రమే బిగిస్తే విడి సామాను. హీటర్లకు దగ్గరగా వచ్చేది 1996లో అప్పీల్ కోర్టు ఇచ్చిన బోథమ్ వర్సెస్ టీఎస్‌బీ తీర్పు. తనఖాలో ఉన్న ఫ్లాట్‌ని బ్యాంకు స్వాధీనం చేసుకున్నాక ఏ వస్తువులు ఫ్లాట్‌తో పోతాయి, ఏవి యజమానివి అన్న గొడవ. బాత్రూం ఫిటింగులు, బిగించిన కిచెన్ యూనిట్లు ఫ్లాట్‌లో భాగమని, కార్పెట్లు, కర్టెన్లు, ఫ్రిజ్ లాంటివి విడి సామానని తేల్చింది. గ్యాస్ ఫైర్లు కూడా విడి సామానే అంది, ఎందుకంటే గ్యాస్ పైపు తప్ప ఇంటితో వాటికి వేరే బంధం లేదు, ఆ పైపు కూడా వాటిని వెలిగించుకోవడానికే. ఈ తీర్పు మనకు రెండంచుల కత్తి. ప్లగ్ హీటర్ కంటెంట్స్ అనడానికి బాగా పనికొస్తుంది. స్టోరేజ్ హీటర్ దగ్గర మాత్రం అవతలివాళ్ళే దీన్ని ఎత్తుకోవచ్చు, అప్పుడు ప్రత్యేక సర్క్యూట్, ఫ్లాట్ మొత్తానికి అదే హీటింగ్ అన్న విషయాలు ముందు పెట్టాలి.

కానీ ఒకటి. ఇవి ఆస్తి హక్కుల తీర్పులు, ఇన్సూరెన్స్ తీర్పులు కావు. పాలసీ పుస్తకం తన నిర్వచనం తానే రాసుకుంటే ముందు చెల్లేది అదే. పుస్తకంలో "హీటింగ్ ఇన్‌స్టలేషన్స్" బిల్డింగ్స్ అని రాసి ఉంటే తీర్పుల దాకా వెళ్ళనక్కర్లేదు. నిర్వచనం రెండు రకాలుగా చదవడానికి వీలుగా ఉంటే కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 2015 సెక్షన్ 69 ఉంది: రెండర్థాలు వచ్చే చోట వినియోగదారుకి అనుకూలమైన అర్థమే తీసుకోవాలి. నా లెక్కలో తీర్పులన్నీ కలిపినదానికంటే ఈ ఒక్క సెక్షన్ బలమైనది, ఉత్తరంలో ఒక వాక్యం చాలు.

క్లెయిమ్ మొదలయ్యేది ఫోన్‌లో, చెడిపోయేదీ సాధారణంగా అక్కడే. హ్యాండ్లర్ ముందు ఒక స్క్రిప్ట్ ఉంటుంది. "హీటర్ గోడకు ఫిక్స్ అయి ఉందా?" అని అడుగుతారు. "అవును" అంటే చాలు, బిల్డింగ్స్ అని టిక్ పడుతుంది, ఆ టిక్ తర్వాత అన్ని ఉత్తరాల్లోనూ వాస్తవంగా తిరుగుతుంది. ఒక్క మాటలో జవాబు చెప్పకుండా, ఉన్నది ఉన్నట్టు వర్ణించండి: "గోడకు బ్రాకెట్ ఉంది, హీటర్ దానికి తగిలించి ఉంది, పనిముట్లు లేకుండా వస్తుంది, కరెంటు మూడు పిన్నుల ప్లగ్‌తో." లేదా "నేల మీద నిలబడి ఉంది, గోడకు స్క్రూ ఉంది, ఎకానమీ 7 సర్క్యూట్‌కి హార్డ్ వైర్డ్ (ప్లగ్ లేకుండా నేరుగా వైరు)." నిజాన్ని వంచి చెప్పమని కాదు. ఒకవేళ ప్లగ్ హీటర్‌ని హార్డ్ వైర్డ్ అని చెబితే అడ్జస్టర్ వచ్చి చూసినప్పుడు క్లెయిమ్ మొత్తం అనుమానంలో పడుతుంది, తప్పుడు సమాచారం అని నమోదైతే తర్వాతి పాలసీల మీద కూడా దాని నీడ ఉంటుంది. ఫోన్ పెట్టేశాక అదే వర్ణనను ఈమెయిల్‌గా పంపి క్లెయిమ్ నంబర్ వేయండి. కాల్ రికార్డింగ్ కావాలంటే సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ (మన గురించి వాళ్ళ దగ్గరున్న సమాచారం ఇమ్మని అడగడం) పెట్టొచ్చు, ఉచితం, మామూలుగా నెల లోపు ఇవ్వాలి. అడ్జస్టర్ మీ గురించి రాసిన నోట్స్ కూడా దాంతోనే అడగొచ్చు.

నష్టం జరిగిన రోజే రెండు కంపెనీలకూ చెప్పాలి. ఒకళ్ళు కాదన్నాక రెండోవాళ్ళకు చెప్దాంలే అని ఆగితే, ఆలస్యంగా చెప్పారన్న సాకు దొరుకుతుంది. మేనేజింగ్ ఏజెంట్‌కి చెబితే ఇన్సూరర్‌కి చెప్పినట్టు కాదు, ఏజెంట్ దగ్గర నుంచి బ్లాక్ క్లెయిమ్ నంబర్ రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇప్పుడు అసలు పని: సాక్ష్యం. హీటర్ గోడ మీద ఉండగానే ఫొటోలు తీయాలి, ఎలక్ట్రీషియన్ దాన్ని విప్పాక ఎలా బిగించి ఉండేదో నోటిమాటే మిగులుతుంది. గది మొత్తం కనిపించేలా ఒకటి. హీటర్ కింద కాళ్ళు, పక్కనుంచి గోడకూ హీటర్‌కీ మధ్య సందు, అందులో స్క్రూ కనిపించేలా టార్చ్ వేసి ఒకటి. వైరు హీటర్ లోంచి బయటికొచ్చిన చోటు నుంచి స్విచ్ దాకా, మధ్యలో తెగకుండా ఒకే ఫొటోలో. రేటింగ్ ప్లేట్ దగ్గరగా: మోడల్, కిలోవాట్లు, సీరియల్ నంబర్. కన్స్యూమర్ యూనిట్ మీద హీటర్ల లేబుల్. నీటి చారలు, తుప్పు. విప్పాక మళ్ళీ తీయండి. మా హాల్లో హీటర్ వెనక స్కర్టింగ్ బోర్డు (గోడ అడుగున ఉండే పట్టీ) హీటర్ వెడల్పు మేరకు కోసేసి ఉంది, గోడకు పాత రంగే ఉంది, చుట్టూ ఉన్న కొత్త రంగు హీటర్ అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. పెయింటర్ కూడా దాన్ని కదల్చలేదని ఆ ఒక్క ఫొటో చెబుతుంది. బ్లాక్ పాలసీ అడ్జస్టర్‌తో మాట మార్పించింది కూడా అదే.

ఎవరూ అడగని రెండు కాగితాలు ఈ కేసుల్లో భలే పనికొస్తాయి. ఒకటి ఈపీసీ, అంటే ఇల్లు ఎంత శక్తి వాడుతుందో చెప్పే సర్టిఫికెట్. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వ రిజిస్టర్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఉచితంగా దొరుకుతుంది. అందులో మెయిన్ హీటింగ్ అన్న చోట ఎలక్ట్రిక్ స్టోరేజ్ హీటర్స్ అని ఉంటే, ఫ్లాట్ హీటింగ్ వ్యవస్థే అవి అని మూడో మనిషి రాసిచ్చినట్టు. రెండోది ఫ్లాట్ కొన్నప్పుడు అమ్మినవాళ్ళు నింపిన టీఏ10, ఫిటింగ్స్ అండ్ కంటెంట్స్ ఫారం. నైట్ స్టోరేజ్ హీటర్లకు, గోడ హీటర్లకు, విడిగా నిలబెట్టే హీటర్లకు దాంట్లో వేర్వేరు గడులున్నాయి. మీ సొలిసిటర్ పంపిన పాత ఫైల్లో వెతకండి.

ఎలక్ట్రీషియన్ రిపోర్టు లేకుండా ముందుకు పోవద్దు. "హీటర్ పనిచేయట్లేదు, మార్చాలి" అని రాసిస్తే అది మనకే ఎదురు తిరుగుతుంది. ఎలక్ట్రికల్ లేదా మెకానికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల రెండు వైపులా మినహాయింపులే, బిల్డింగ్స్ అయినా కంటెంట్స్ అయినా డబ్బు రాదు. రిపోర్టులో ఉండాల్సింది కారణం: నీళ్ళు ఎక్కడి నుంచి లోపలికి వెళ్ళాయి, ఏ భాగం తడిసింది, కనెక్షన్ ఎలాంటిది, తీయడానికి ఏం చేయాల్సి వచ్చింది. ఇన్సులేషన్ రెసిస్టెన్స్ టెస్ట్ (కరెంటు వైర్లలోంచి బయటికి లీక్ అవుతుందా చూసే పరీక్ష) అంకె రాయమనండి. 500 వోల్టుల డీసీతో కొలిచినప్పుడు సర్క్యూట్‌కి కనీసం 1 మెగాఓమ్ రావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్టోరేజ్ హీటర్ ఎలిమెంట్లు వేసవంతా వాడకుండా ఉంటే గాలిలో తేమకే ఆ అంకె తగ్గుతుంది, కొన్ని గంటలు వేడెక్కితే మళ్ళీ బాగవుతుంది. ఆ సంగతి తెలిసిన అడ్జస్టర్ ఉత్త అంకెను ఒప్పుకోడు. అందుకే టెర్మినల్ బ్లాక్‌లో (వైర్లు కలిసే చోట) నీటి గుర్తులు, నానిన ఇన్సులేషన్ ఫొటోలు దానికి జత కావాలి. తడిసిన హీటర్‌ని "ఓసారి వేసి చూద్దాం" అని మాత్రం ఎవరు చెప్పినా వేయొద్దు.

పాత హీటరైతే ఇంకో జాగ్రత్త. 1970ల మధ్య దాకా తయారైన కొన్ని స్టోరేజ్ హీటర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. మోడల్ నంబర్‌తో ఆరా తీయకుండా విప్పించకండి. తీయించే ఖర్చు క్లెయిమ్‌లో భాగంగా అడగాలి. పాడైన హీటర్‌ని అడ్జస్టర్ చూసేదాకా, లేదా పారేయొచ్చని ఈమెయిల్ వచ్చేదాకా పారేయకూడదు. ఇటుకలు గదిలో అడ్డంగా ఉన్నాయని కౌన్సిల్ టిప్‌కి (చెత్త కేంద్రానికి) తీసుకెళ్తే సాక్ష్యం కూడా దాంతోపాటే పోతుంది.

ఇంతా చేశాక కూడా ఇద్దరూ కాదనొచ్చు. అప్పుడు ఫోన్లు మానేసి ఇద్దరికీ ఒకే రోజు, ఒకే రకమైన ఉత్తరం పంపండి. దాంట్లో పెద్ద వాదన అక్కర్లేదు, ఇలా రాస్తే చాలు: "మీ పాలసీలో ఏ పేజీ, ఏ వాక్యం ప్రకారం ఇది మీ కవర్‌లో లేదో రాయండి. మీ నిర్వచనం ప్రకారం ఇది ఏ రకం పాలసీలోకి వస్తుందో కూడా రాయండి. దీన్ని అధికారిక ఫిర్యాదుగా తీసుకోండి." "ఫిర్యాదు" అన్న మాట ఉండాలి, అప్పుడే గడియారం మొదలవుతుంది. వాళ్ళకు ఎనిమిది వారాల గడువు. ఆ లోపు ఫైనల్ రెస్పాన్స్ ఇవ్వాలి, ఇవ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ సర్వీస్‌కి (ఇలాంటి కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే స్వతంత్ర సంస్థ) వెళ్ళొచ్చు. ఫైనల్ రెస్పాన్స్ తేదీ నుంచి ఆరు నెలల్లోపు వెళ్ళాలి. మనకు ఖర్చేమీ లేదు, లాయర్ అక్కర్లేదు. ముందు ఇన్వెస్టిగేటర్ తన అభిప్రాయం చెబుతారు, ఎవరైనా ఒప్పుకోకపోతే ఆంబుడ్స్‌మన్ తుది నిర్ణయం ఇస్తారు, దాన్ని మనం ఒప్పుకుంటే కంపెనీ కట్టుబడాల్సిందే. ఫిర్యాదు ఒక్కో కంపెనీ మీద విడివిడిగా పెట్టాలి. తుది నిర్ణయాలను పేర్లు తీసేసి ఆన్‌లైన్‌లో పెడతారు; హీటర్, ఫిక్స్చర్ లాంటి మాటలతో వెతికి మీ కేసుకు దగ్గరగా ఉన్నవి చదవండి. అవి కోర్టు తీర్పుల్లా తర్వాతి కేసులను కట్టిపడేయవు, కానీ ఎలాంటి ఆధారానికి విలువ ఇస్తున్నారో తెలుస్తుంది.

మా విషయం ఆంబుడ్స్‌మన్ దాకా పోలేదు. కారణం రాతలో అడిగేసరికి కంటెంట్స్ కంపెనీకి ప్లగ్ హీటర్‌ని కాదనడానికి వాక్యం దొరకలేదు. స్టోరేజ్ హీటర్, టవల్ రెయిల్ బ్లాక్ పాలసీలోకి వెళ్ళాయి. ఆ ఎక్సెస్ ఎవరు భరించాలన్నది మళ్ళీ లీజు మీద ఆధారపడిన ప్రశ్న. కొన్ని లీజుల్లో సర్వీస్ చార్జీ మీద పడుతుంది, కొన్నిటిలో నష్టపోయిన ఫ్లాట్ మీద. పై ఫ్లాట్‌వాళ్ళ మీద వేయాలంటే వాళ్ళ నిర్లక్ష్యం చూపించాలి, గొట్టం ఊడిందన్న ఒక్క కారణం చాలదు.

అద్దెకుంటున్నవాళ్ళకు రెండు మాటలు. బిగించిన హీటింగ్‌ని బాగు చేయించే బాధ్యత పైన చెప్పిన 1985 లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ సెక్షన్ 11 ప్రకారం మామూలు అద్దె ఒప్పందాల్లో ఓనర్‌దే, మీ కంటెంట్స్ పాలసీకి దాంతో పని లేదు. మీ చేతుల్లో అది పగిలితే మాత్రం పాలసీలో టెనెంట్స్ లయబిలిటీ (ఓనర్ ఆస్తికి మీవల్ల జరిగిన నష్టానికి కవర్) ఉందేమో చూసుకోండి.

ఇంటి పని జరుగుతున్నప్పుడు గోడ నుంచి దించి మూల పెట్టిన హీటర్, కొని ఇంకా బిగించని హీటర్, వీటి సంగతి మరీ అన్యాయం. బిగించి లేవు కాబట్టి బిల్డింగ్స్ కాదంటారు, బిగించడానికి తెచ్చినవి కాబట్టి కంటెంట్స్ కాదంటారు. ప్లాస్టరింగ్ మొదలెట్టే ముందే ఇన్సూరర్‌ని ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. ఇండియా వెళ్ళి నెల దాటి ఉండేవాళ్ళకు ఇంకో మాట: చాలా పాలసీల్లో వరుసగా 30 రోజులు, కొన్నిటిలో 60 రోజులు ఇల్లు ఖాళీగా ఉంటే నీటి నష్టం, దొంగతనం కవర్ ఆగిపోతాయి. అప్పుడు హీటర్ ఏ వైపు వస్తుందన్న వాదనకే చోటు లేదు.

చివరికి డబ్బు లెక్క. చేత్తో తిప్పి రాత్రి చార్జ్ సెట్ చేసుకునే పాత రకం స్టోరేజ్ హీటర్లు 2018 జనవరి 1 నుంచి కొత్తగా మార్కెట్లోకి రావడానికి వీల్లేదు, ఎకోడిజైన్ (శక్తి ఆదా) నియమాల వల్ల ఎలక్ట్రానిక్ కంట్రోళ్ళు తప్పనిసరి అయ్యాయి. అంటే పాతదానికి పాతదే దొరకదు, దొరికేది ఖరీదైనది. ఇన్సూరర్ "మెరుగైనది కొంటున్నారు, తేడా మీరే పెట్టుకోండి" అంటే, పాలసీ పాతదానికి కొత్తది ఇచ్చే రకమా చూసుకుని, మార్కెట్లో దొరికే అతి దగ్గర మోడల్ ఇదేనని డీలర్ కొటేషన్ జత చేయండి. కొత్త మోడల్‌కి 24 గంటల సప్లై కూడా లాగాలంటే ఆ వైరింగ్ ఖర్చు విడిగా చూపించాలి, హీటర్ ధరలో కలిపేస్తే కోత పెడతారు. నగదు ఇస్తామంటే అది ఎవరి ఎంపికో రాతలో ఉండాలి. మీరు బాగు చేయించమన్నా వాళ్ళే నగదు ఎంచుకుంటే, మీరు బయట మార్కెట్లో పెట్టాల్సిన ఖర్చు అడగొచ్చు, ఆంబుడ్స్‌మన్ పద్ధతీ అదే. మీరే నగదు కోరితే వాళ్ళ కాంట్రాక్టర్ రేటుకే పరిమితం చేస్తారు. వ్యాట్ ఆపి, బిల్లు పంపాక ఇస్తామనడం మామూలే, బిల్లు పంపడం మర్చిపోకండి. చలికాలంలో ఆన్ చేసుకున్న తాత్కాలిక హీటర్ల, డీహ్యూమిడిఫయర్ల కరెంటు ఖర్చు కూడా మీటర్ రీడింగులతో అడగండి, మొదటి రోజు రీడింగ్ ఫొటో ఉంటేనే ఆ లెక్కకు విలువ. కొత్త హీటర్ బిగించాక ఎలక్ట్రీషియన్ ఇచ్చే సర్టిఫికెట్‌లో "హార్డ్ వైర్డ్" అనో "ప్లగ్" అనో స్పష్టంగా రాయించి, దాని కాపీ రెండు పాలసీల ఫైళ్ళలోనూ పెట్టుకోండి.